దేవుడు వద్దంటే తప్పయిందా, తప్పు కాబట్టి వద్దన్నాడా: ఊళ్ళో ఈ చర్చ నడిపే పద్ధతి

కోనసీమలోనో భీమవరం చుట్టుపక్కలో ఏ ఊళ్ళో నలుగురు కూర్చున్నా ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. "దేవుడంటే భయం లేకపోతే మనిషికి తప్పొప్పులేముంటాయండీ?" అంటారొకరు. "గుడికెళ్ళనివాళ్ళలో మంచోళ్ళు లేరేంటండీ?" అంటారు ఇంకొకరు. పది నిమిషాల్లో మాట దేవుడున్నాడా లేడా అన్నదానికి జారుతుంది. అక్కణ్ణుంచి మీ మతం, మా మతం. ఆ తర్వాత టీ. అసలు ప్రశ్నను ఎవరూ ముట్టుకోకుండానే లేచి వెళ్ళిపోతారు. ఆ ప్రశ్నను గంటన్నరసేపు చెయ్యి జారకుండా పట్టుకోవడం ఎలాగో ఇక్కడ రాస్తున్నాం. గ్రంథాలయం నడిపేవాళ్ళకీ, హైస్కూలు మాస్టర్లకీ, యువజన సంఘాలకీ ఉద్దేశించినది.

ముందు ప్రశ్న ఎక్కడిదో నడిపేవాళ్ళకు తెలిసుండాలి. ప్లేటో రాసిన యూథిఫ్రో సంభాషణ క్రీస్తు పూర్వం 399లో, సోక్రటీస్ మీద విచారణకు కాస్త ముందు, ఏథెన్సులో న్యాయాధికారి కచేరీ దగ్గర జరిగినట్టు ఉంటుంది. యూథిఫ్రో తన కన్నతండ్రి మీదే హత్య కేసు పెట్టడానికి వచ్చాడు. వాళ్ళ కూలివాడొకడు తాగిన మైకంలో ఇంటి బానిసను చంపేశాడు. తండ్రి ఆ కూలివాడి కాళ్ళూ చేతులూ కట్టి గోతిలో పడేసి, ఏం చెయ్యాలో ధర్మం చెప్పే అధికారిని అడిగి రమ్మని ఏథెన్సుకు మనిషిని పంపాడు. ఆ మనిషి తిరిగొచ్చేలోగా కూలివాడు చలికీ ఆకలికీ చనిపోయాడు. తండ్రి మీద కేసు పెట్టడం దైవభక్తేనంటాడు యూథిఫ్రో. అప్పుడు సోక్రటీస్ అడిగింది ఇది: పవిత్రమైన పని పవిత్రం కాబట్టి దేవతలకు ఇష్టమా, దేవతలకు ఇష్టం కాబట్టి పవిత్రమా?

ఈ కథలో తండ్రి చేసిన పని మీద మనవాళ్ళ దృష్టి ఆగాలి. ఆజ్ఞ కోసం కబురు పంపి కూర్చున్నాడు, ఈలోగా గోతిలో మనిషి పోయాడు. చర్చలో ఎక్కడైనా మాట మొద్దుబారితే ఈ ముక్క గుర్తు చెయ్యండి, మళ్ళీ కదులుతుంది.

మనుషులు, చోటు, వేళ

ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు. ఆరుగురి కంటే తగ్గితే ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్ళు తలలూపుతారు. పదిహేను దాటితే సభ అవుతుంది, సభలో ఎవరూ అభిప్రాయం మార్చుకోరు. రోజూ పూజ చేసుకునేవాళ్ళు, చర్చి సంఘ పెద్ద ఒకరు, ఊళ్ళో మసీదుంటే అక్కణ్ణుంచి ఒకరు, దేవుణ్ణి నమ్మని మనిషి కనీసం ఒకరు, వీళ్ళతో పాటు ఇలాంటి చర్చల జోలికెప్పుడూ పోని రైతు ఒకరు ఉండాలి. ఆ చివరి మనిషే చాలాసార్లు చర్చను కాపాడతారు. పండితులు ఒక్కరికి మించి వద్దు. ఇద్దరుంటే శ్లోకాల పోటీ మొదలవుతుంది.

గుడి మండపంలో పెట్టొద్దు, చర్చి ఆవరణలో అసలే వద్దు. అక్కడ నమ్మనివాళ్ళు అతిథులైపోతారు, అతిథి గట్టిగా మాట్లాడలేడు. గ్రంథాలయమో బడి వరండానో మంచిది. కుర్చీలు గుండ్రంగా వెయ్యండి. మైకు వద్దు, మైకు చేతికొస్తే ఎవరైనా ఉపన్యాసమే ఇస్తారు. సార్వా (తొలి పంట) ఊడ్పుల్లోనూ దాళ్వా (రెండో పంట) కోతల్లోనూ పిలిస్తే ఎవరూ రారు. ఫిబ్రవరి నెల, సాయంత్రం ఏడు గంటలు అనుకూలం. కాలువలో నీళ్ళు వంతుల మీద వచ్చే రోజులు కాబట్టి, కింద చెప్పబోయే ఉదాహరణ అందరి మనసులోనూ పచ్చిగా ఉంటుంది.

వచ్చినవాళ్ళు కూర్చోగానే తలా ఒక చీటీ ఇవ్వండి. బోర్డు మీద ప్రశ్నను రెండు వాక్యాలుగా రాయండి: "దేవుడు వద్దన్నాడు కాబట్టి తప్పయింది." "తప్పు కాబట్టి దేవుడు వద్దన్నాడు." ఒకటో రెండో అంకె మాత్రం రాసి మడిచి ఇమ్మనండి, పేరు అక్కర్లేదు. నమ్మనివాళ్ళు "నాకు రెండూ వర్తించవు" అంటారు. "దేవుడున్నాడనే ఈ గంటన్నరకు అనుకోండి, అప్పుడేమంటారు?" అని అడగండి. ఈ ఒక్క షరతు ఒప్పుకుంటేనే దేవుడున్నాడా లేడా అనే గొడవ పక్కకు పోతుంది. ఒప్పుకోకపోతే ఆ పూట వాళ్ళను వినడానికి ఉండమనండి.

ఉదాహరణ: రాత్రి తూము

దేవుళ్ళ కథలతో మొదలుపెట్టొద్దు. కథ మొదలైతే భక్తి మొదలవుతుంది, భక్తి మొదలైతే ప్రశ్న అడగడం మర్యాద కాదనిపిస్తుంది. కాలువతో మొదలుపెట్టండి.

దాళ్వా, చేలు చిరుపొట్ట మీద ఉన్నాయి. గోదావరిలో నీళ్ళు తక్కువ, వంతుల ప్రకారం వదులుతున్నారు. ఎగువ రైతొకడు తన వంతు కాని రాత్రి బోదెకు అడ్డంగా ఇసుక బస్తాలు వేసి నీళ్ళు తన చేలోకి తిప్పుకున్నాడు. కాలువ కాపలా చూసే లస్కరు చూడలేదు. తెల్లారేసరికి బస్తాలు తీసేశాడు. శివారు రైతు చేను ఇంకో వారం ఎండింది, గింజ సగం తాలు పోయింది. ఎవరు చేశారో ఎప్పటికీ తెలీదు. ఇది తప్పా? ఎందుకు తప్పు?

ఆ వారం ఊళ్ళో నిజంగా గొడవ జరిగిన తూము పేరు మాత్రం ఎత్తొద్దు. తిప్పుకున్నవాళ్ళ తమ్ముడో బావో ఆ కుర్చీల్లోనే ఉంటారు.

ఈ ఉదాహరణ ఎంచుకోవడానికి కారణముంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, డెల్టాలో ఇప్పుడు మనకు తెలిసిన కాలువల సేద్యం దాని వెనకాల వచ్చిందే. ఈ డెల్టా కాలువల వంతుల గురించి ఏ మతగ్రంథమూ నేరుగా చెప్పదు. మరి అది తప్పని అందరూ ఇంత ధీమాగా ఎలా అంటున్నారు? మొదటి వాక్యం రాసినవాళ్ళు వెంటనే జవాబు చెబుతారు: "దొంగతనం చెయ్యొద్దని దేవుడు చెప్పాడుగా, ఇదీ దొంగతనమే." మంచి జవాబే, కొట్టేయకండి. దాని వెనకాలే ఇంకో ప్రశ్న వెయ్యండి: పారే నీళ్ళు ఎవరి సొత్తని దొంగతనమన్నారు? అది దొంగతనం కిందికి వస్తుందని తేల్చినప్పుడు ఆజ్ఞను చూసి తేల్చారా, శివారు చేను చూసి తేల్చారా?

మూడు గడులు

చర్చ నూటికి తొంభై పాళ్ళు పాడయ్యేది ఇక్కడే, కాబట్టి ఇరవై నిమిషాలైనా దీనికి పెట్టండి. బోర్డు మీద మూడు గడులు గీయండి. మొదటిది: తప్పని మనకెలా తెలిసింది. రెండోది: తెలిశాక ఎందుకు పాటిస్తున్నాం. మూడోది: దేనివల్ల అది తప్పయింది. ఎవరు ఏమన్నా అది ఏ గడిలోదో అడిగి అక్కడే రాయండి.

"మా నాన్న చెప్పారండి" మొదటి గడి. "గీతలో ఉంది", "బైబిల్లో ఉంది", "ఖురాన్‌లో ఉంది" కూడా చాలామటుకు మొదటి గడే. గ్రంథం ద్వారా తెలుసుకున్నామంటే గ్రంథం వల్లే తప్పయిందని కాదు. "పైన లెక్క రాస్తారు, నరకముంటుంది", "చేసిన ఖర్మ ఊరికే పోదు" రెండో గడి. శిక్ష అనేది పాటించడానికి కారణం. శిక్ష పడుతుంది కాబట్టే తప్పయిందని ఎవరైనా అంటే, అదే మాట ఎస్సై గారి లాఠీకి కూడా వర్తింపజేసి చూడమనండి, వాళ్ళే సర్దుకుంటారు. మూడో గడి చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. కంగారు పడి మీరు నింపొద్దు. "శివారాయన నోటికాడ కూడు పోయింది కాబట్టి తప్పండి" అని ఎవరో అంటారు, సాధారణంగా ఆ చర్చల జోలికి పోని రైతే. అది మూడో గడిలో రాయాల్సిన మొదటి మాట. "దేవుడి మాట మీరాడు కాబట్టి, అంతే" అని ఇంకొకరంటే అదీ మూడో గడే. ఇప్పుడు రెండు పక్షాలూ నిజంగా ఎదురెదురుగా నిలబడ్డాయి.

కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ప్రిన్సిపాలుగా చేసిన రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు బ్రహ్మసమాజస్థులు, పరమ ఆస్తికులు. అదే కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన గోరా గారు నాస్తికుడన్న కారణంతోనే 1933లో ఉద్యోగం పోగొట్టుకున్నారు. అంటరానితనం తప్పన్న దగ్గర ఇద్దరిదీ ఒకే మాట. ఈ జంటను ఎవరో ఒకరు సభలో తెస్తారు, "చూశారా, దేవుడు అక్కర్లేదు" అనడానికి. అంతవరకు పోనివ్వొద్దు. నమ్మకం ఉన్నా లేకపోయినా తప్పును గుర్తుపట్టొచ్చు, పోరాడొచ్చు అనే దానికి ఇది సాక్ష్యం. అంటే మొదటి రెండు గడులకు చెందిన సంగతి. మూడో గడి గురించి ఇది ఏమీ తేల్చదు.

మొదటి పక్షాన్ని నొక్కడం

"దేవుడు వద్దన్నాడు కాబట్టి తప్పు" అన్నవాళ్ళను ఒకే ప్రశ్న అడగండి: ఆజ్ఞ మారితే? రేపు "ఎగువవాడు శివారువాడి నీళ్ళు తీసుకోవచ్చు" అని ఆజ్ఞ వస్తే అది ఒప్పవుతుందా? ఎగతాళిగా కాకుండా నెమ్మదిగా అడగాలి. మూడు రకాల జవాబులొస్తాయి.

"అవుతుంది" అనేవాళ్ళు తక్కువ, కానీ వాళ్ళది చిన్న వంశం కాదు. పద్నాలుగో శతాబ్దపు క్రైస్తవ తాత్వికుడు ఓఖమ్ విలియం, దేవుడు ఆజ్ఞాపిస్తే దొంగతనం కూడా పుణ్యకార్యమే కాగలదనే దాకా వెళ్ళాడు. ఇస్లాంలో అష్అరీ సంప్రదాయం, మంచిచెడ్డలు దైవాజ్ఞతోనే ఏర్పడతాయంది. దానికి ఎదురుగా ముతజిలా పండితులు మంచిచెడ్డలు బుద్ధికే అందుతాయన్నారు. ఒకే మతంలో రెండు పక్షాలూ ఉన్నాయని చెప్పడం ఇక్కడ చాలా ఉపయోగం. ఇది ఆస్తికులకూ నాస్తికులకూ మధ్య తగాదా కాదని దాంతో సభకు అర్థమవుతుంది.

"దేవుడు అలాంటి ఆజ్ఞ ఇవ్వడండీ" అనేవాళ్ళే ఎక్కువ. ఎందుకివ్వడు అని అడగండి. "అది అన్యాయం కాబట్టి" అంటే వాళ్ళు రెండో వాక్యానికి వచ్చేసినట్టే. ఆ సంగతి మీరు చెప్పకుండా, చీటీలో ఏం రాశారో మనసులో చూసుకోమనండి.

మూడో జవాబు గట్టిది, అది వచ్చిందంటే మీ సభ బాగుందన్నమాట: "ఆజ్ఞ ఎవరిదైతే వాళ్ళను బట్టి ఉంటుంది. ప్రేమే స్వభావమైన దేవుడి ఆజ్ఞే మనకు కట్టుబాటు, క్రూరుడి ఆజ్ఞ కాదు." 1970లలో అమెరికన్ తాత్వికుడు రాబర్ట్ ఆడమ్స్ ఇంచుమించు ఇదే వాదనను శాస్త్రీయంగా తీర్చిదిద్దాడు. దీన్ని నొక్కాలంటే, ప్రేమ మంచిదని ఎవరు చెప్పారు అని అడగాలి. దేవుడే చెప్పాడంటే మొదటికొచ్చాం. దేవుడి స్వభావమే మంచికి కొలత, దాని వెనక ఇంకో కొలత లేదు అంటే అక్కడ ఆగొచ్చు. ప్రతి వాదనా ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే, ఈ చోటు మరీ అధ్వాన్నం కాదు.

దేవుడు ఆజ్ఞాపించాడని అబ్రాహాము కొడుకును బలివ్వబోయిన సంగతి ఎవరైనా తెస్తే, ఆ గ్రంథం నమ్మేవాళ్ళనే ముందు మాట్లాడనివ్వండి. ఎవరి గ్రంథం గురించి వాళ్ళే మాట్లాడాలన్న నియమం ముందే చెప్పి ఉండాలి. ఈ నియమం తప్పితే చర్చను మళ్ళీ దారికి తేవడం కష్టం.

రెండో పక్షాన్ని నొక్కడం

ఇక్కడ నడిపేవాళ్ళే పక్షపాతం చూపిస్తారు, జాగ్రత్త. రెండో వాక్యం చదువుకున్నవాళ్ళకు తేలిగ్గా నచ్చుతుంది కాబట్టి దాన్ని నొక్కకుండా వదిలేస్తారు. అదీ అంతే గట్టిగా నొక్కాలి.

మొదటి నొక్కుడు భక్తుల తరఫు నుంచి: తప్పొప్పులు దేవుడికి ముందే ఉంటే, దేవుడు కూడా వాటికి కట్టుబడినట్టేనా? ఆయన చట్టం చేసేవాడు కాకుండా చట్టం చదివి వినిపించేవాడు అయ్యాడా? జర్మన్ తాత్వికుడు లైబ్నిజ్ 1686లో దీన్ని తిరగేశాడు. దేవుడు ఏం చేసినా అదే మంచి అయితే, ఆయన చేసినదానికి ఉల్టా చేసినా అంతే పొగడాల్సి వచ్చేది, అప్పుడు పొగడ్తకు అర్థమేముందని అతని వాదన. మన దగ్గర వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో, లోకంలో ఇన్ని హెచ్చుతగ్గులుంటే ఈశ్వరుడికి పక్షపాతం, నిర్దయ ఉన్నట్టు కాదా అన్న ఆక్షేపణకు, ఆయన జీవుల కర్మను బట్టి చేస్తాడు కాబట్టి కాదని జవాబుంది. అంటే ఈశ్వరుణ్ణి కూడా న్యాయంగా ఉన్నాడా అని అడగొచ్చనే ఒప్పుకున్నారు. భక్తి తగ్గకుండానే రెండో పక్షంలో ఉండొచ్చని చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

రెండో నొక్కుడు నమ్మనివాళ్ళకు: దేవుడు లేకుండా తప్పు తప్పేనంటున్నారు, మరి ఆ తప్పు ఎక్కడుంది? చేను కనిపిస్తుంది, నీళ్ళు కనిపిస్తాయి, తాలు గింజ కనిపిస్తుంది. "చెయ్యకూడదు" అన్నది వీటిలో ఎక్కడ కనిపిస్తుంది? ఆస్ట్రేలియాలో పుట్టిన తాత్వికుడు మ్యాకీ తాను నాస్తికుడై ఉండి, 1977లో ఈ ప్రశ్నే వేశాడు. వ్యక్తులతో పనిలేని విలువలు నిజంగా ఉంటే అవి లోకంలో మరి దేనిలాగానూ ఉండని వింత వస్తువులై ఉండాలన్నాడు, కాబట్టి లేవన్నాడు. "బాధ కలిగించడమే తప్పు, అంతకంటే వెతకక్కర్లేదు" అని మీ ఊరి హేతువాది అనొచ్చు. అదీ ఆగే చోటే. మొదటి పక్షం ఆగిన చోటును ఒప్పుకున్నవాళ్ళు దీన్నీ ఒప్పుకోవాలి.

ఎవరో ఒకరు "ఇవన్నీ మనమనుకోవడమేనండీ, ఎవరి తప్పు వాళ్ళకి" అని చేతులు దులిపేసుకుంటారు. వాదించొద్దు. "శివారాయన ఎదురుగా కూర్చుని ఆ మాట అనండి" అంటే చాలు.

మనవాళ్ళ మూడో దారి

ఇంతసేపూ రెండే దారులున్నట్టు నడిపించాం. కోనసీమలో వేదం చదువుకున్న ఇళ్ళు ఇంకా ఉన్నాయి కాబట్టి, మీమాంసకుల, అంటే వేదవిధుల అర్థం తేల్చే శాస్త్రం వాళ్ళ, మాట తేకపోతే లోపమే. ఆ శాస్త్రానికి సూత్రాలు రాసిన జైమిని రెండో సూత్రంలోనే ధర్మమంటే ఏదో చెప్పాడు: "చోదనాలక్షణోఽర్థో ధర్మః." ప్రేరేపించే వాక్యం, అంటే విధి, దేన్ని తెలియజేస్తుందో అది ధర్మం. వినగానే మొదటి పక్షం అనిపిస్తుంది. కానీ ఆ విధిని ఎవరూ ఇవ్వలేదు. వేదం అపౌరుషేయం, మనిషీ రాయలేదు, దేవుడూ రాయలేదు. మీమాంసకుడు కుమారిల భట్టు సృష్టికర్త అయిన ఈశ్వరుడు ఉన్నాడన్న వాదాన్నే ఖండించాడు. అంటే ఆజ్ఞ ఉంది, ఆజ్ఞాపించినవాడు లేడు. సోక్రటీస్ ప్రశ్న ఇక్కడ నిలబడదు, ఎందుకంటే ఎవరి ఇష్టం అని అడగడానికి ఎవరూ లేరు. తర్వాత నైయాయికుడు, అంటే న్యాయదర్శన పండితుడు, ఉదయనుడు దీన్ని ఒప్పుకోక, వేదానికి కర్త ఈశ్వరుడేనని వాదించాడు.

ఇది చెప్పేటప్పుడు రెండు పొరపాట్లు జరుగుతాయి. మీమాంసకులను ఇప్పటి నాస్తికుల జట్టులో కలిపేయడం ఒకటి. వాళ్ళంత వైదిక నిష్ఠ ఉన్నవాళ్ళు లేరు. రెండోది, వాళ్ళ విధివాక్యాలన్నీ మనం మాట్లాడుతున్న తప్పొప్పుల గురించే అనుకోవడం. వాళ్ళ ఉదాహరణల్లో ఎక్కువ "స్వర్గం కోరేవాడు యజ్ఞం చెయ్యాలి" లాంటివి. తూము సంగతి అక్కడ వెతికితే దొరకదు. మామిడికుదురు దగ్గర ఆదుర్రులో బౌద్ధ స్తూపం ఉంది కదా, సృష్టికర్త మాట లేకుండా శీలం చెప్పినవాళ్ళూ ఈ గట్ల మీదే తిరిగారని ఒక మాటలో అనేసి ముందుకెళ్ళండి. ఆ దారిలోకి దిగితే రాత్రి పదవుతుంది.

ఆఖరి పరీక్ష: రాజమండ్రి, 1881

చివరి పావుగంటకు దీన్ని దాచుకోండి. కందుకూరి వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. అప్పటికి పాతికేళ్ళ ముందే, 1856లో, చట్టం అనుమతించింది. ఆ చట్టం కోసం పోరాడిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశర స్మృతిలో భర్త పోయిన స్త్రీకి మరో పతిని అనుమతించే శ్లోకాన్ని చూపించాడు. వీరేశలింగం గారూ శాస్త్రాల మీదే వాదించారు. ఎదుటివాళ్ళూ శాస్త్రాలతోనే ఎదిరించారు.

ఇప్పుడు అడగండి: ఆ శ్లోకం లేకపోతే? పదేళ్ళకు భర్త పోయిన పిల్లను జన్మంతా మూల కూర్చోబెట్టడం అప్పుడు ఒప్పయ్యేదా? చీటీలో మొదటి వాక్యం రాసినవాళ్ళలో చాలామంది ఇక్కడ తడబడతారు. తడబడనివ్వండి. వెంటనే రెండో వాక్యం వాళ్ళనూ అడగండి: శ్లోకంతో పనిలేకుండానే తప్పయితే, వందల ఏళ్ళు ఇంతమంది మంచివాళ్ళకు అది ఎందుకు కనబడలేదు? శ్లోకం చూపించాకే ఎందుకు కదిలారు? ఈ ప్రశ్న మొదటి గడిదా, మూడో గడిదా అని సభనే తేల్చమనండి. ఇక్కడ వచ్చే వాదన ఆ సాయంత్రానికి అన్నిటికంటే పనికొచ్చేది, మధ్యలో దూరకండి.

కోడిపందేల సంగతి ఎవరైనా ఎత్తుతారు: జంతుహింస నిరోధక చట్టం 1960లో వచ్చింది, అప్పణ్ణుంచీ తప్పయిందా, అంతకుముందూ తప్పేనా? దేవుడి చోట చట్టసభను పెట్టినా ప్రశ్న అదే అని చూపడానికి మంచి ఉదాహరణ. కానీ సంక్రాంతి నెలలో మాత్రం వద్దు. మాట బరి దగ్గరికి, అక్కణ్ణుంచి ఏ పుంజు గెలిచిందో అన్నదానికి పోతుంది, ఇక వెనక్కి రాదు.

ముగించేటప్పుడు పెద్దాయన ఎవరో లేచి తీర్పు చెప్పబోతారు. అందుకే మాట్లాడే వరస మొదట్లోనే తిరగేసి, చిన్నవాళ్ళ నుంచి మొదలుపెట్టి ఆయన్ను చివర ఉంచాలి, ఆయనకూ మిగతావాళ్ళలాగే రెండు నిమిషాలు. తర్వాత రెండో చీటీ ఇవ్వండి. ఈసారి అంకెతో పాటు ఒక వాక్యం కూడా రాయమనండి: మీరు ఎంచుకోని పక్షంలో మీకు జవాబు దొరకని మాట ఏది? చీటీలన్నీ కలిపి అక్కడే చదవండి, చేతిరాత గుర్తుపట్టినా పేరు చెప్పొద్దు. ఎన్ని ఒకట్లు, ఎన్ని రెళ్ళు అని లెక్క ప్రకటించొద్దు, ప్రకటిస్తే మర్నాడు టీకొట్టు దగ్గర గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ తయారవుతారు. ఎక్కువమంది రాసిన మాట ఏదో అది వచ్చే నెల సభకు మొదటి ప్రశ్న. అప్పటికి ఉదాహరణ మార్చండి. గోదారి వరద లంకలోకి వచ్చింది, పడవ ఒకటే ఉంది, ఎవర్ని ముందు ఎక్కించాలి అన్నది బాగా నడుస్తుంది, కాకపోతే దానికి గంటన్నర చాలదు, రెండు గంటలు పెట్టుకోండి.